చీమల పొడి కొనేముందు కుప్పలో చెయ్యి పెట్టి చూద్దాం

(చిల్కానగర్‌లో కూరగాయల రైతులు, మిద్దెతోటల వాళ్లు కలిసి కూర్చున్న సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశం కోసం మీరు రాసిచ్చిన ప్రశ్నల చీటీలన్నీ చదివాం. కౌలు మీద, ధరల మీద ఎక్కువ ఉంటాయనుకున్నాం. ఉన్నాయి కూడా, వాటి కోసం మధ్యాహ్నం విడిగా కూర్చుంటున్నాం. కానీ చీటీలు విడదీసి పెడితే పెద్ద కట్ట చీమలదే వచ్చింది. తోటకూర విత్తనం చల్లితే చీమలు ఎత్తుకుపోయాయని ఒకరు. చిక్కుడు తీగ నిండా చీమలే, కాయ కోయబోతే మోచేతుల దాకా పాకుతున్నాయని ఇంకొకరు. మిద్దె మీద కంపోస్టు డ్రమ్ములో చీమలు గూడు పెట్టాయి, ఏ పొడి చల్లాలి అని నలుగురైదుగురు. వానపాముల తొట్టెకు ఎర్ర చీమలు పట్టి పాములన్నీ పోయాయని ఒక అక్క రాసింది.

చీమల మీద ప్రసంగమా అని వెనక కూర్చున్నవాళ్లు నవ్వుకుంటున్నారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ ఆ చీటీల్లో ఒక్కమాట అన్నిట్లోనూ ఉంది: ఏ పొడి చల్లాలి? ఆ మాట కోసమే ఇవాళ ఇంతసేపు మాట్లాడాలనుకున్నాం. ఇవాళ మడిలో పొడి చల్లి, ఇరవై అయిదు రోజులకు కోసే తోటకూర మన ఇంట్లోనూ, మన దగ్గర కొన్నవాళ్ల ఇంట్లోనూ పొయ్యి మీదికి ఎక్కుతుంది. కడిగితే పోతుందని ధీమాగా ఉండే పంట కాదు అది.

చిల్కానగర్ అంటే ఇవాళ ఇళ్లు, అపార్టుమెంట్లు, ఒక పక్క నాచారం ఫ్యాక్టరీలు, ఇంకో పక్క ఉప్పల్ మెట్రో. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిన తర్వాత ఇక్కడ సాగు గురించి మాట్లాడేవాళ్లే తగ్గిపోయారు. కానీ ఉప్పల్ భగాయత్ అనే పేరు చూడండి. ఇప్పుడది ప్లాట్ల వేలం ప్రకటనల్లోనే వినిపిస్తుంది. భగాయత్ అంటే నీళ్లు పారే తోట భూమి. ఆ పేరు రియల్ ఎస్టేటు వాళ్లు పెట్టింది కాదు, అక్కడ పండించినవాళ్లు మిగిల్చి పోయింది. మూసీ వెంట దిగువకు పోతే పీర్జాదిగూడ, పర్వతాపూర్, కాచవానిసింగారం వైపు మురుగు కలిసిన నీటి మీదే ఆకుకూరలు, పశువులకు పారాగడ్డి పండించి పట్నానికి అందించినవాళ్లున్నారు. ఈ హాల్లో ఆ కౌలు మడులవాళ్లున్నారు, ఖాళీ ప్లాటులో నాలుగు మడులు చేసుకున్నవాళ్లున్నారు, మిద్దె మీద ఇరవై కుండీలు పెట్టుకున్నవాళ్లున్నారు. పంట ఎంతైనా చీమ ఒకటే, దుకాణంలో ఇచ్చే పొడి కూడా ఒకటే.

ముందు ఏ చీమో చూడాలి. గండు చీమ నల్లగా పెద్దది, చెట్టు మొదలు దగ్గర తిరుగుతుంది, కరిస్తే చురుక్కుమంటుంది గానీ పంటను కొరకదు. చలి చీమ చిన్నది, తీపి ఎక్కడుంటే అక్కడికి బారులు తీరుతుంది. కొరివి చీమ సన్నగా ఎర్రగా ఉండి కుట్టినచోట నిప్పంటించినట్టు మండుతుంది. బెండ మొగ్గను, లేత కాయను, మొలక మొదలును కొరికేది ఇదే. కలుపు తీసే ఆడవాళ్ల చేతులు, కాళ్లు బొబ్బలెక్కించేదీ ఇదే. దీని సొంత ఊరు అమెరికా ఖండం, ఓడల్లో సరుకుతో ప్రపంచమంతా తిరిగింది. మామిడి, జామ మీద ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమ వేరే జాతి, దానికీ కొరివి చీమకూ సంబంధం లేదు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1851లోనే దక్షిణ భారతదేశపు చీమల జాబితా ఒకటి తయారుచేసి మద్రాసు పత్రికలో అచ్చువేయించాడు. మన ఆడవాళ్లు అంతకు ఎన్ని తరాల ముందో గండు, చలి, కొరివి అని పేర్లు పెట్టి విడదీశారు. ఆ పేర్లు మర్చిపోయి అన్నిటినీ చీమలు అని ఒకే గాటన కట్టాక అన్నిటికీ ఒకే పొడి వచ్చింది.

ఇక చెదలు. వీటిని తెల్ల చీమలు అంటారు గానీ చీమలు కావు. చెదపురుగు బొద్దింకల చుట్టం, చీమ కందిరీగల చుట్టం. నాగుల చవితికి పాలు పోసే పుట్ట కట్టేదీ చెదలే. తొలకరి వానకు దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లలో ఎక్కువ భాగం రెక్కలొచ్చిన చెదలే. ఈ తేడా ఎందుకు చెప్తున్నామంటే ఎరువు కుప్పలో చెద కనిపిస్తే కారణం ఒకటి, చీమ కనిపిస్తే కారణం ఇంకొకటి. కుప్ప దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ చెప్తాం.

చిక్కుడు తీగ సంగతి చూద్దాం. తీగ నిండా చీమలున్నాయని రాసినవాళ్లు ఆకు తిప్పి చూశారా? లేత కొసల్లో, పూత కాడల చుట్టూ నల్లగా నూనె పూసినట్టు పేనుబంక ఉంటుంది. వంగ, బెండ, టమాట, మందారం మీదైతే తెల్లగా దూదిలా పిండినల్లి. చీమ తీగ ఎక్కింది వాటి కోసం. పేనుబంక మొక్క రసం పీలుస్తుంది. ఆ రసంలో చక్కెర ఎక్కువ, ఒంటికి పట్టే మాంసకృత్తుల సరుకు తక్కువ. కావలసినంత దొరకాలంటే కడుపు పగిలేంత తాగాలి, మిగిలిన తీపిని వెనక నుంచి బొట్లుగా వదిలేయాలి. ఆకుల మీద జిగటగా తగిలేది అదే. దాని మీదే తర్వాత నల్లటి మసి బూజు పడుతుంది. చీమ మీసాలతో పేనుబంక వీపు తట్టి ఆ బొట్టు తాగుతుంది. మనం బర్రెను పిండుకున్నట్టే.

బర్రెను పిండుకునేవాడు దానికి కాపలా కూడా ఉంటాడు కదా. అక్షింతల పురుగు వస్తే చీమలు తరిమేస్తాయి. అక్షింతల పురుగు పిల్ల రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తినేస్తుంది, దాన్ని కరిచి కింద పడేస్తాయి. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెట్టే సన్న కందిరీగను వాలనివ్వవు. పిల్ల పురుగులను నోట పట్టుకుని కొత్త కొమ్మ మీద దించే చీమలు కూడా ఉన్నాయి. మొక్కకు నష్టం చేస్తున్నది పేనుబంక, దాన్ని బతికిస్తున్నది చీమ. కాబట్టి చీమలను చంపితే చాలదు, చీమలను వదిలేసి పేనుబంకకు మందు కొట్టినా చాలదు. మందు కొడితే ముందు పోయేది అక్షింతల పురుగే. పేనుబంక వారంలో మళ్లీ పుట్టుకొస్తుంది, చీమలు మళ్లీ కాపలాకు వస్తాయి. రెండోసారి మందు కొనడానికి మనం మళ్లీ దుకాణానికి పోతాం.

బొప్పాయి వేసినవాళ్లకు ఈ సంగతి గుర్తుండాలి. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి బయటపడింది. బయటి దేశం నుంచి వచ్చిన పురుగు, ఇక్కడ దాన్ని తినేది ఏదీ లేదు. బొప్పాయి, మల్బరీ, టేకు, కర్రపెండలం, ఏదీ వదలలేదు. రైతులు ఎన్ని మందులు కొట్టినా ఆ మైనపు పూత కింద పురుగు చావలేదు. చివరికి 2010లో బెంగళూరు కీటక పరిశోధన కేంద్రం వాళ్లు ప్యూర్టోరికో నుంచి మూడు రకాల సన్న కందిరీగలను తెప్పించి, పెంచి, తోటల్లో వదిలారు. వాటిలో ఒకటి నెలల్లోనే పని చేసి చూపించింది. కంటికి ఆనని ఆ కందిరీగ చేసిన పని డబ్బాలకు డబ్బాల మందు చేయలేకపోయింది. అలాంటి కందిరీగను చెట్టు మీద వాలనివ్వని కాపలాదారు ఎవరో ఇప్పుడు మీకు తెలుసు.

మూసీ నీటి మడులవాళ్లకు ఒక మాట విడిగా. ఆ నీటిలో నత్రజని ముందే ఉంది. దాని పైన యూరియా కూడా వేస్తే పంట నల్లగా, ఏపుగా, మెత్తగా వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆ మెత్తటి కొసలంటే పేనుబంకకు ప్రాణం. పేనుబంక పెరిగితే చీమ వస్తుంది, చీమ వస్తే పొడి వస్తుంది. ఆ మడుల్లో చీమల ఖర్చు తగ్గాలంటే ముందు యూరియా సంచి తగ్గించి చూడాలి. ఈ కౌలుదారులకు 2018లో వచ్చిన రైతుబంధు కూడా పట్టాదారుకే పోయింది. పెట్టుబడి అంతా సొంత జేబులోంచి పెట్టేవాళ్లకు అక్కర్లేని సంచి ఒక్కటి తగ్గినా తగ్గినట్టే.

మరి ఏం చేయాలి? చిక్కుడు, బీర లాంటి తీగల్లో పురుగు పట్టిన కొసలను తుంచి నీళ్ల బకెట్‌లో వేయండి, గట్టు మీద పడేయొద్దు. పైపు నీరు గట్టిగా కొడితే పేనుబంక రాలిపోతుంది, రాలింది చాలావరకు తిరిగి ఎక్కలేదు. మూడు రోజులకొకసారి రెండు మూడుసార్లు కొట్టాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 గ్రాముల మామూలు బట్టల సబ్బు కరిగించి సాయంత్రం పూట ఆకు అడుగున తడిచేలా కొట్టండి. డిటర్జెంట్ పౌడరు వద్దు, ఆకు మాడుతుంది. ముందు నాలుగాకుల మీద కొట్టి మరునాడు చూసి తర్వాత అంతటా కొట్టండి. వేప గింజల కషాయం మనందరికీ తెలిసిందే: 5 కిలోల గింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 100 లీటర్లు చేసుకోవడం. మిద్దెతోటకు లీటరుకు 50 గ్రాములు. చెట్లకైతే మొదలు చుట్టూ జానెడు వెడల్పు గుడ్డ కట్టి, గుడ్డ మీదే గ్రీజు పూయండి, బెరడు మీద కాదు. నేలను తాకే కొమ్మలు, గోడకు ఆనే కొమ్మలు కత్తిరించకపోతే గ్రీజు దండగ, చీమ వేరే దారిన ఎక్కుతుంది. దారి తెగిన వారం పది రోజులకు అక్షింతల పురుగులు కనిపిస్తాయి. అప్పుడు ఇంకే మందూ కొట్టకండి.

విత్తనాల సంగతి ఇంతకన్నా తేలిక. తోటకూర, గోంగూర, టమాట నారు, నువ్వు... గింజ ఎంత చిన్నదైతే చీమకు అంత సుఖం. విత్తి అలాగే వదిలేసి మరునాడు నీళ్లు పెట్టే అలవాటున్న చోటే ఎక్కువ పోతాయి. ఇసుకలో కలిపి చల్లిన వెంటనే పైన జల్లించిన పాత ఎరువు పలచగా కప్పి, అరచేత్తో అదిమి, సన్నగా నీళ్లు చల్లేయాలి. తడి నేలలో అంటుకున్న గింజను చీమ లాగలేదు. పాత రైతులు మడి గట్టు చుట్టూ పిడికెడు రవ్వో, నూకలో చల్లేవారు. చీమకు చేతికందిన పెద్ద గింజ దొరికాక చిన్నదాని కోసం మడిలోకి దిగదు. మూడు నాలుగు రోజులు అదలా మోసుకుంటుంటే మన గింజ మొలకెత్తుతుంది. పసుపు, బూడిద కూడా గట్టు మీద గీతలా వేస్తారు. అవి పొడిగా ఉన్నంతవరకే పనిచేస్తాయి, నీళ్లు తగిలాక బూడిద బూడిదే.

ఇప్పుడు ఎరువు కుప్ప. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాం. ఎందుకంటే చీమలు చూసి భయపడి కంపోస్టు చేయడమే మానేసినవాళ్లు ఇక్కడ కనీసం ముగ్గురున్నారని చీటీలు చెప్తున్నాయి. మీరు మానేసిన తడి చెత్త ఎక్కడికి పోతుందో తెలుసు కదా, ఆటోలో ఎక్కి జవహర్‌నగర్ డంప్‌యార్డుకు. అక్కడి ఊళ్లవాళ్లు ఆ కంపు ఎన్నేళ్లుగా భరిస్తున్నారో కూడా తెలుసు.

కుప్పలో చీమ గూడు పెట్టిందంటే అది మనకు రెండు మాటలు చెప్తోంది: కుప్ప ఎండిపోయింది, కుప్ప చల్లారిపోయింది. సరిగా పనిచేస్తున్న కుప్ప లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది. చెయ్యి పెడితే అరనిమిషం ఉంచలేం. ఆ వేడిలో, ఆ తడిలో చీమ గుడ్లు పెట్టదు. చీమకు కావలసింది పొడిగా, గుల్లగా, వెచ్చగా ఉండే చోటు. ఏప్రిల్, మే నెలల్లో మన మిద్దెల మీద ప్లాస్టిక్ డ్రమ్ము పక్కలు ఎండిపోయి సరిగ్గా అలాగే తయారవుతాయి. మధ్యలో తడి ఉంటుంది, అంచుల్లో పొట్టు పొట్టుగా ఉంటుంది. చీమలు ఆ అంచు పట్టుకుంటాయి.

అందుకే పొడి కొనేముందు కుప్పలో చెయ్యి పెట్టి చూడమంటున్నాం. జానెడు లోతు నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు వస్తే తడి సరిపోయింది. ధారగా కారితే ఎక్కువైంది, కంపు కొడుతుంది, ఎండాకులు కలపాలి. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలిపోతే అదే చీమల ఇల్లు. కుప్పంతా పారతో బయటికి తీసి, పొరపొరకూ నీళ్లు చల్లుతూ తిరిగి వేయాలి. నీళ్లకు బదులు పేడ నీళ్లయితే ఇంకా మేలు, తడితో పాటు కుప్పను వేడెక్కించే సరుకు కూడా అందుతుంది. పైన తడి గోనెసంచి కప్పండి. వారానికోసారి తిప్పండి. గూడు రెండుసార్లు చెదిరేసరికి చీమలు గుడ్లు నోట పట్టుకుని వాటంతట అవే వేరే చోటు చూసుకుంటాయి. రైతు కుప్ప వేసేటప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు మూడడుగులకు తగ్గకుండా చూసుకోవాలి, అంతకన్నా చిన్న కుప్ప వేడిని నిలుపుకోలేదు.

డ్రమ్ముల్లో అంత వేడి రాదు, అది వాటి లోపం కాదు, పరిమాణం చిన్నది కాబట్టి. అక్కడ చీమను పిలిచేది తీపి. మామిడి టెంకలు, అరటి తొక్కలు, మిగిలిన అన్నం పైన తెరిచి పడేస్తే చీమలకు పెళ్లి భోజనం. ఏది వేసినా మధ్యలో గుంట చేసి వేసి, దానికి రెట్టింపు ఎండాకులో, కొబ్బరి పొట్టో, పాత ఎరువో కప్పాలి. డ్రమ్మును ఇటుకల మీద ఎత్తి, ఇటుకల కింద నీళ్ల పళ్లేలు పెట్టుకోవచ్చు. పళ్లెంలో నీళ్లు మూడు రోజులకోసారి మార్చండి, లేకపోతే చీమలు పోయి దోమలు వస్తాయి.

ఒక అక్క అడిగింది, చీమలు పట్టిన ఎరువు పాడైపోయిందా అని. పాడవలేదు. చీమలు తవ్వినచోట గాలి ఆడుతుంది, ఎరువు ఇంకా గుల్లబారుతుంది. నీడలో పట్టా మీద పలచగా పరిచి గంటసేపు వదిలేస్తే చీమలు వెళ్లిపోతాయి. ఆ తర్వాత మొక్కలకు వేసుకోండి. గూటితో సహా తీసి నారు మొదట్లో వేయకండి, అంతే.

చెద కనిపిస్తే మాత్రం లెక్క వేరు. చెదకు కావలసింది చివకని గడ్డి, కట్టె, కొయ్యకాళ్లు. కుప్పలో చెద ఉందంటే లోపల ఎండు సరుకు చివకలేదని అర్థం. ఆ చివకని పెంటను పొలానికి తోలితే చెదలనూ, వేరు పురుగునూ మనమే బండి కట్టి మోసుకుపోయి మొక్కకు అంటించినట్టు. కుప్ప తడిపి, తిప్పి, ఇంకో రెండు నెలలు ఆగడమే దానికి వైద్యం.

వానపాముల తొట్టెలో చీమ నిజంగానే శత్రువు. మామూలు కుప్పలో చీమ ఉంటే మనకు చిరాకు మాత్రమే. తొట్టెలో కొరివి చీమ పడితే పాము పిల్లలను, గుడ్లను తినేస్తుంది, పెద్ద పాములు కూడా నిలవవు. ఇక్కడే కొందరు చేసే పని మమ్మల్ని ఎక్కువ బాధపెడుతుంది: చీమలు పోవాలని తొట్టెలోనే చీమల పొడి చల్లడం. చీమకన్నా ముందు వానపాము పోతుంది. తొట్టె చుట్టూ నాలుగు అంగుళాల కాలువ కట్టి నీళ్లు నింపడం అన్నిటికన్నా నమ్మకమైన పని. స్టాండు మీద పెట్టినవాళ్లు నాలుగు కాళ్లనూ నీళ్ల గిన్నెల్లో పెట్టాలి. తొట్టె కట్టని గుంటల దగ్గర పాతకాలం నుంచి చెప్పే చిట్కా ఒకటుంది: 20 లీటర్ల నీటిలో కారం, పసుపు, ఉప్పు తలా 100 గ్రాములు, కొంచెం సబ్బు పొడి కలిపి గుంట చుట్టూ నేల మీద చల్లడం. చుట్టూ మాత్రమే, లోపల పడితే పాములకు కూడా మంటే. మామిడి సీజన్‌లో తొట్టెకు పండ్ల చెత్త వేయాలనుకుంటే ముందు విడిగా పదిహేను రోజులు పేడలో మగ్గనిచ్చి, తీపి చచ్చాక వేయండి.

ఇప్పుడు ఆ పొడి సంగతే చూద్దాం. దుకాణంలో మనం గమాక్సిన్ ఇవ్వమని అడుగుతాం. గమాక్సిన్ అంటే బీహెచ్‌సీ. దాని మీద 1997లోనే మన దేశంలో నిషేధం పడింది. దాని చెల్లెలు లిండేన్ వాడకం 2013లో ఆగింది. చెదల కోసం వాడిన ఆల్డ్రిన్ 1996లో పోయింది. చీమలకని, తోటల్లో పురుగులకని దశాబ్దాలు వాడిన కార్బరిల్ 2018లో పోయింది. అది వానపాములకు విషం. ఫోరేట్ గుళికలు, డైక్లోర్వాస్ 2020 డిసెంబరు 31తో ఆగిపోయాయి. ఇన్ని పేర్లు ఎందుకు చదివామంటే వీటిలో ఏదో ఒకటి మీ ఇంటి అటక మీద పాత డబ్బాలో ఉండవచ్చు. ఇప్పుడు గమాక్సిన్ అని అడిగితే దుకాణదారు చేతికిచ్చేది వేరే మందు. లేబుల్ మీద ఇళ్ల గోడల పగుళ్లకు, వంటింటి మూలలకు అని రాసి ఉంటుంది, కూరగాయల మడికి అని ఉండదు. చీమల చాక్‌పీసు కూడా అంతే. లేబుల్ మీద లేని పంటకు వాడకూడదు. మన సంఘం సభ్యుడొకరికి ఒక దుకాణంలో పేరూ, లేబులూ లేని పొట్లం కట్టి ఇచ్చారు. బిల్లు అడిగితే చీమల మందుకు బిల్లేంటన్నా అన్నారట. బిల్లు లేని పొట్లం ముట్టుకోవద్దు. పంట మాడినా, మనిషికి ఏమైనా అయినా మన చేతిలో ఉండే ఆధారం ఆ కాగితం ఒక్కటే.

ప్రభుత్వాల మాట కూడా అనుకోవాలి. 2020 మే నెలలో కేంద్రం 27 మందులు నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చింది. క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్ కూడా అందులో ఉన్నాయి. 2023కు వచ్చేసరికి ఆ 27లో పూర్తి నిషేధం మూడింటి దగ్గర ఆగింది. కంపెనీలు ఊరుకోలేదన్నది మా అభిప్రాయం. నిషేధం ఢిల్లీలో పడేదాకా మన మడిలో ఎదురుచూడాల్సిన పని లేదు.

చీమలన్నిటినీ తరిమేయాలా? అక్కర్లేదు. పురుగుల గుడ్లను, చిన్న పిల్ల పురుగులను ఎత్తుకుపోయేదీ చీమే. చైనాలో క్రీస్తు శకం 304 నాటిదని చెప్పే మొక్కల పుస్తకంలోనే, నారింజ తోటల్లో పురుగులు పట్టకుండా ఆకుగూళ్ల ఎర్ర చీమలను అంగట్లో కొనుక్కొచ్చి చెట్లకు కట్టేవారని రాసి ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో వానాధారపు గోధుమ పొలంలో పరిశోధకులు చీమలు, చెదలు ఉన్న మడులను, వాటిని తీసేసిన మడులను పక్కపక్కన పెట్టి చూశారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. పురుగులున్న మడుల్లో 36 శాతం ఎక్కువ పండింది, వాటి బొరియల గుండా వాన నీరు లోపలికి ఇంకింది, నేలలో నత్రజని పెరిగింది. ఎండు ప్రాంతం కాబట్టి అంత తేడా. మన తెలంగాణ చెల్క నేలలు ఎలాంటివో మీకు చెప్పనక్కర్లేదు. గట్టు మీద గండు చీమ పుట్ట ఉంటే ఉండనివ్వండి.

తరమాల్సింది కొరివి చీమనే, అదీ మనుషులు పనిచేసే చోట, మొలకల మడిలో. గూడు మొక్కల వేళ్లకు దూరంగా ఉంటే పొద్దున్నే, చీమలు పైకి వచ్చి ఉన్నప్పుడు పది లీటర్ల మరిగే నీళ్లు నిదానంగా పోయండి. కాళ్లకు బూట్లు వేసుకోండి. ఒక్కసారికి రాణి చావకపోవచ్చు, వారం ఆగి మళ్లీ పోయాలి. కుండీలో గూడు పెడితే కుండీని నిండా మునిగేలా నీళ్ల టబ్బులో అరగంట ఉంచితే చీమలన్నీ పైకి తేలతాయి. ఆ తర్వాత ఆ కుండీకి క్రమం తప్పకుండా నీళ్లు పెట్టండి, ఎండినందుకే అవి వచ్చాయి.

మిద్దెల మీద చలి చీమలు మరీ ఎక్కువైతే బోరిక్ పొడితో ఎర పెట్టవచ్చు. మందుల దుకాణంలో దొరుకుతుంది, ఒకప్పుడు క్యారమ్ బోర్డు మీద చల్లిన పొడి అదే. 100 మిల్లీలీటర్ల నీటిలో 25 గ్రాముల చక్కెర, ఒక్క గ్రాము బోరిక్ పొడి. ఎక్కువ వేస్తే తొందరగా పనిచేస్తుందనుకుంటారు. చీమ దారిలోనే చచ్చి గూటికి చేరదు, రాణి హాయిగా ఉంటుంది. మూతకు సన్న రంధ్రం పెట్టిన సీసాలో దూది ముంచి చీమల దారిలో పెట్టండి. పిల్లలకు, కుక్కలకు అందకుండా పెట్టండి, సీసా మీద విషం అని రాయండి. మట్టిలో ఒలకనీయొద్దు, బోరాన్ ఎక్కువైతే మొక్క ఆకు అంచులు మాడతాయి. వారం రెండు వారాలు ఓపిక పట్టాలి.

చివరి చీటీ ఒక పెద్దాయనది. మా తాత కాలంలో చీమలకు పంచదార, నూకలు వేయడం పుణ్యం అనేవాళ్లు, ఇప్పుడు మీరు తరమమంటున్నారు, ఏది నిజం అని రాశారు. రెండూ చేయవచ్చు తాతా. నూకలు మడి గట్టు అవతల వేయండి, విత్తనం మొలిచేదాకా రోజూ వేయండి.

ఇంటి దగ్గర ఏ చీమో తేల్చుకోలేనివాళ్లు నాలుగు చీమలను అగ్గిపెట్టెలోనో, సీసాలోనో పట్టుకుని వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. అవి ఎక్కిన కొమ్మ కూడా ఒకటి తుంచి తెండి, ఆకు తిప్పి అందరం కలిసి చూద్దాం. భోజనాల తర్వాత కౌలు చీటీలు తీసుకుంటాం.